కరెంటు పెట్టడం

ప్రొద్దుటూరు,
9 జులై 2023, ఆదివారం

నందినీ,

నీ ఫోన్లన్నీ కట్ చేస్తున్నానని కోపం తెచ్చుకోవద్దు. మాట్లాడకూడదని డాక్టరు కట్టడి చేశాడు. ఆ ఫోనులో ఒక్కో అక్షరం వెతికి కొట్టే ఓపిక నాకు లేదు. అందుకే కాగితం పట్టుకున్నా. మీ స్కూలు డ్రిల్లు మాస్టరు జియావుల్లా రోజూ ఇక్కడి నుంచే జమ్మలమడుగు వస్తాడు కాబట్టి అతని చేతికే ఇస్తాను. జవాబు కూడా అతని చేతనే పంపు. నువ్వు మాత్రం రావద్దు. వస్తే నా నోరు ఊరుకోదు.

నాలుగు నెలలుగా గొంతు బొంగురుపోతే జలుబన్నాం, పడిశమన్నాం. మీ పెద్దమ్మ మిరియాల కషాయం పోసి పోసి నా కడుపు మండించింది. మొన్న ప్రవీణ్ పులివెందుల నుంచి వచ్చి కర్నూలు ఆసుపత్రికి తీసుకెళ్లాడు. గొంతులోకి గొట్టం దించి, ముక్క తీసి పరీక్ష చేశారు. స్వరపేటిక మీద క్యాన్సర్. చిన్నదే, ఇప్పుడే మొదలైందట. ఆరున్నర వారాలు రేడియేషన్ ఇస్తే గొంతు దక్కుతుందన్నారు. ఆలస్యం చేస్తే స్వరపేటికనే తీసేయాల్సి వస్తుందట.

ఇంతవరకు బాగానే ఉంది. ఇంటికి రాగానే మొదలైంది అసలు తంతు. ఈ ఊళ్లో రేడియేషన్ అని ఎవరూ అనరు, కరెంటు పెట్టడమంటారు. "సారుకు కరెంటు పెడతారంట" అని వీధి వీధంతా చెప్పుకుంటోంది. మీ పెద్దమ్మ రాత్రంతా ఏడ్చి పొద్దున్నే రబ్బరు చెప్పులు కొనుక్కొచ్చింది. "ఇవి ఏసుకోని పో, షాకు కొట్టదు" అంటుంది. నవ్వితే గొంతు నొప్పి, నవ్వకపోతే కడుపునొప్పి.

నవ్వలేనిది ఇంకొకటి జరిగింది. ప్రవీణ్ ఫోను చేసి, "నాయనా, నీకు కరెంటు పెడితే పాపను నీ దగ్గరికి పంపేది కష్టమంటాంది సుప్రజ. ఆ మనిషి దగ్గర పిల్లోళ్లు ఉండగూడదంట" అన్నాడు. అమూల్యకు ఐదేళ్లు. సెలవులు వస్తే నా ఒళ్లోంచి దిగదు. నా ఇంట్లోకి నా మనవరాలు రాకుండా చేసే వైద్యం నాకెందుకు? వద్దని చెప్పేశాను.

ఈ మాట నీకు తెలియాలని రాశాను. నీ సలహా నేను అడగలేదు.

పెదనాయన ఆదినారాయణరెడ్డి


జమ్మలమడుగు,
12 జులై 2023

పెదనాయనకు నమస్కారం చేసి మొదలుపెడుతున్నాను, చివరిదాకా ఆ మర్యాద నిలుస్తుందో లేదో చెప్పలేను.

మీరు సలహా అడగలేదు. సరే, నేనివ్వను. తిడతాను. ముప్పై నాలుగేళ్లు ఫిజికల్ సైన్సు చెప్పిన మనిషి ఇంట్లో వినాల్సిన మాటలేనా ఇవి? నన్ను ఈ సబ్జెక్టు వైపు తిప్పింది మీరు. మీ నోట్సు పట్టుకునే నేను బి.ఎడ్. దాటాను, ఈరోజుకీ పదో తరగతి పిల్లలకు అదే నోట్సు చెబుతున్నాను. మన గోడ గడియారం కింద కూర్చోబెట్టి పాట కట్టి నేర్పారు గుర్తుందా, గాఎ అదృ పమైరే! గామా, ఎక్స్, అతినీలలోహిత, దృశ్యకాంతి, పరారుణ, మైక్రో, రేడియో. అన్నీ ఒకే ఇంటి పిల్లలని మీరే కదా చెప్పింది? మీ కిటికీలోంచి పడే ఎండా రేడియేషనే, మీ గొంతుకు ఇచ్చేదీ రేడియేషనే. అది ఎక్స్ కిరణం, శక్తి చాలా ఎక్కువ, కణాలను చంపగలదు. తేడా అంతే.

పోయిన ఏడాది ఛాతీకి ఎక్స్‌రే తీయించుకుని వచ్చిన సాయంత్రం అమూల్యను భుజాన ఎక్కించుకున్నారే, అప్పుడేమైంది? టార్చి వేస్తే గోడ మీద వెలుగు పడుతుంది. టార్చి ఆపితే గోడ మీద ఏముంటుంది? గోడ ఉంటుంది. మిషన్ ఆపాక మీరూ మీరే.

సుప్రజకు డిగ్రీ ఎవరిచ్చారో గానీ ముందు వాళ్లను పట్టుకుని తన్నాలి. వాట్సాప్‌లో ఎవరో పంపిన చెత్త చదివి మామగారి ప్రాణం మీదికి తెస్తుందా? ఆ అమ్మాయి మాట పట్టుకుని ప్రవీణ్ అన్న తలాడిస్తాడా? వాళ్లిద్దర్నీ మా తొమ్మిదో తరగతిలో చివరి బెంచీ మీద కూర్చోబెట్టాలి. పెద్దమ్మ రబ్బరు చెప్పులను మాత్రం నేను ఏమీ అనను, ఆమె బడికి పోలేదు.

వచ్చే సోమవారమే కర్నూలు వెళ్లండి.

మీ నందిని


ప్రొద్దుటూరు,
30 జులై 2023

నందినీ,

నీ ఉత్తరం పక్కింటివాళ్లతో చదివించుకుంటే మీ పెద్దమ్మకు తెగ నచ్చింది. నచ్చి, ఫోటో తీసి, "చూడు నాయనా, నందిని ఎంత బాగ రాసిందో" అని ప్రవీణ్‌కు పంపింది. అది సుప్రజ చదివింది. తన్నాలన్న ముక్కతో సహా.

ఆమె ఏడవలేదు, అరవలేదు. నాకు ఫోను చేసి, నేను మాట్లాడలేనని తెలుసు కాబట్టి తానే చెప్పుకుంటూ పోయింది. "మామా, నేను వాట్సాప్ చూసి అన్లేదు. మా చిన్నమ్మకు థైరాయిడ్ క్యాన్సర్ వస్తే ఏందో మందు మింగిచ్చినారు. ఆసుపత్రోళ్లే కాగితం మీద రాసిచ్చినారు, పిల్లోళ్లను దగ్గరికి రానీయొద్దని. ఆ కాగితం నేను సూసినా. అది గూడ రేడియేషనే అన్నారు. నందినక్క టార్చి, గోడ అని రాసింది గదా, పాప రూములో ప్లాస్టిక్ సుక్కలు అంటిచ్చినాం. లైటు ఆపినంక గూడ వెలగతానే ఉంటాయి. గోడ వెలగదు సరే, సుక్క వెలగతాంది గదా! మీరు గోడనా, సుక్కనా, అది చెప్పమను" అంది.

జవాబు చెప్పకూడదని డాక్టరు అన్నాడు కాబట్టి బతికిపోయాను. ఎందుకంటే నాకు జవాబు తెలియదు.

చదివింది సరిగ్గానే చదివావు. తెలియదు. ఆ కిరణాల పట్టికను ముప్పై నాలుగేళ్లు బోర్డు మీద రాశాను. 'ముఖ్యమైనది, నాలుగు మార్కులు' అని పక్కన గీత గీశాను. పాట కట్టాను. నా పిల్లలు ఎవ్వరూ ఆ ప్రశ్నలో మార్కు పోగొట్టుకోలేదు. కానీ కిరణం పడిన వస్తువు తర్వాత ఏమవుతుందని నన్ను ఎవరూ అడగలేదు, నన్ను నేనూ అడుక్కోలేదు. ఆమె ఫోను పెట్టేశాక, డాక్టరునే అడుగుదామని ఒక్కణ్ణే కర్నూలు పోయాను. డాక్టరు నా వృత్తి ఏమిటన్నాడు. రిటైర్డ్ ఫిజిక్స్ టీచరని కాగితం మీద రాసిచ్చాను. "అయితే మీకు నేను చెప్పేదేముంది సార్" అని నవ్వి చీటీ రాసిచ్చాడు. ఆ తర్వాత ఏ ముఖం పెట్టుకుని అడగమంటావు?

నీ టార్చీ గోడా కూడా నా నోట్సులోవే. నీకు మాత్రం తెలుసా?

పెదనాయన


జమ్మలమడుగు,
6 ఆగస్టు 2023

పెదనాయనా,

ఈ ఉత్తరం మూడుసార్లు రాసి చించేశాను. నాకు ఒళ్లు మండిపోతోంది. తెలియకపోవడం తప్పు కాదని నేనే పిల్లలకు చెబుతాను, కానీ తెలియదని ఒక డాక్టరు ముందు ఒప్పుకోలేక గొంతు పోగొట్టుకోవడానికి సిద్ధపడిన మనిషిని ఏమనాలి? పరువా? ఆ పరువును ఏం చేసుకుంటారు, వేలం వేస్తారా?

సరే, నాకు తెలుసా అని అడిగారు. నిన్నటిదాకా తెలియదు. కర్నూలు ఆసుపత్రికి పది ఫోన్లు చేశాను. ఆ మిషన్ కొలతలు చూసే ఫిజిక్సు ఆయన ఒకాయన ఉన్నాడు. నేను టీచరునని చెప్పకుండా, ఏమీ తెలియని దాన్నని చెప్పి అడిగాను. ఇరవై నిమిషాలు ఓపిగ్గా చెప్పాడు. సుప్రజ వాళ్ల చిన్నమ్మ విషయం నిజమే. ఆమె మింగింది కిరణాలు వదిలే మందు. ఆ మందు ఒంట్లో ఉన్నన్ని రోజులు ఆమె ఒంట్లోంచి కిరణాలు వస్తాయి. అందుకే పిల్లల్ని దూరం పెట్టమన్నారు. మీకు ఏమీ మింగించరు, ఏమీ పెట్టరు. కిరణం మిషన్‌లోంచి వస్తుంది, పని చేస్తుంది, మిషన్ ఆపగానే అయిపోతుంది. ఇక ఆ ప్లాస్టిక్ చుక్కల్లో వెలుగును తాగి నిదానంగా వదిలే పొడి ఏదో కలుపుతారట. మన కండలో ఆ పొడి లేదు. మీరు గోడే. ఆ మాట సుప్రజకు చెప్పండి.

ఇంకొకటి రాయాలి, రాయకపోతే నాకు నిద్ర పట్టదు. పోయిన నెల మా పదో తరగతిలో మైమూన్ అనే అమ్మాయి లేచి, "మేడమ్, ఎక్స్‌రే తీసినంక ఆ కిరణాలు మన లోపలే ఉండిపోతాయా?" అని అడిగింది. నేనేమన్నానో తెలుసా? "పరీక్షలో వస్తుందా అది? కూర్చో" అన్నాను. అచ్చం మీ గొంతుతో అన్నాను. ఆ పిల్ల మళ్లీ చెయ్యెత్తలేదు. నలభై రెండు మందిలో ఒక్కతే అడిగింది, ఆ ఒక్కదాన్నీ నేనే కూర్చోబెట్టాను. నిన్న పిలిచి చెప్పాను. విని, "నాకు ఇప్పుడెందుకు మేడమ్" అంది.

మీరు వెళ్తారా, నేనొచ్చి లాక్కెళ్లమంటారా?

నందిని


ప్రొద్దుటూరు,
24 సెప్టెంబరు 2023

నందినీ,

పోయిన వారం నువ్వొచ్చి నా ఇంట్లో నిలబడి, ముగ్గురు పక్కింటోళ్ల ముందు, "ఈయనకు చదువు రాకపాయ, ఉండే సిగ్గు పోకపాయ" అన్నావు. నా గొంతు ఉన్నట్లయితే ఆరోజు మన ఇద్దరికీ మాటలు మిగిలేవి కావు. పలక మీద రాసి చూపిద్దామనుకునే లోపు గేటు దాటిపోయావు.

నువ్వు చెప్పింది అర్థమైంది. నేను గోడనని ఒప్పుకుంటున్నా. ఇప్పుడు అడ్డం కిరణాలు కావు, కోడలు. నువ్వు రాసింది ఆమెకు పంపితే తెరిచి చూడలేదట. ఆమె నోటితో, నా మనవరాలిని నా ఒళ్లో కూర్చోబెడతానని చెప్పేదాకా నేను కర్నూలు పోను. ఈ ఇంట్లో నన్ను అంటరానివాడిగా ఉంచి బతికించే పని ఎవరూ పెట్టుకోవద్దు. రెండు నెలలుగా పాప గొంతు కూడా వినలేదు నేను.

తన్నాలని రాసింది నువ్వు. పోయి ఆమె కాళ్లు పట్టుకుంటావో, చేతులు పట్టుకుంటావో నీ ఇష్టం.

ఆదినారాయణరెడ్డి


పులివెందుల,
17 అక్టోబరు 2023

పెదనాయనా,

దసరా సెలవులకు వచ్చి ఇక్కడ సుప్రజ ఇంట్లోనే కూర్చుని రాస్తున్నాను. ఆమె కాఫీ పెడుతోంది. అమూల్య నా పెన్ను లాగుతోంది, అందుకే అక్షరాలు ఇట్లా ఉన్నాయి.

క్షమించమన్నాను. "తన్నాలన్నదానికి కాదక్కా, చివరి బెంచీ అన్నావే, దానికి బాధేసింది. నేను ఇంటర్లో చివరి బెంచీనే. లెక్చరర్ని ఏమన్నా అడిగితే నవ్వేవాడు" అంది. నాకు మైమూన్ గుర్తొచ్చి తలెత్తలేకపోయాను. తర్వాత ఆసుపత్రి ఆయనకు ఫోను కలిపి ఆమె చేతికిచ్చాను. అరగంట అడిగింది. చుక్కల గురించి అడిగింది, చిన్నమ్మ గురించి అడిగింది, చెమట గురించి, ఉమ్మి గురించి, బట్టల గురించి అడిగింది. నేను పది ఫోన్లలో అడగనివి అడిగింది. చివరికి, "అయితే ఆ పొద్దే పాపను ఎత్తుకోవచ్చు గదా సార్, ఖాయం గదా?" అని రెండుసార్లు అడిగి పెట్టేసింది.

ఇప్పుడు వినండి, వినిపించుకునే ఓపిక ఉంటే. సుప్రజ మొదట అన్నదేమిటంటే, "కరెంటు పెట్టే ఆ ఆరు వారాలు పాపను పంపేది కష్టం, అయినంక పంపుదాం." అంతే! ఆ ఆరు వారాలు అన్న ముక్క ప్రవీణ్ అన్న మింగేశాడు. అడిగితే "అదే గదా నేను చెప్పింది" అంటున్నాడు. మీరు జన్మంతా రానివ్వదని పట్టుకుని కూర్చున్నారు. ఆమె మీరు తన మీద పంతం పట్టారని కూర్చుంది. మూడు నెలలు! ఇరవై పదాల ఫోను మాటలో మూడు పదాలు పోయినందుకు మూడు నెలలు! మీ అందర్నీ వరసగా నిలబెట్టి, చివర నన్ను నిలబెట్టి, దులపాలని ఉంది.

సుప్రజ ఇక్కడే ఒక వాక్యం రాస్తానంటోంది.

'మామా, మీరు ఆసుపత్రి నుంచి వచ్చిన పొద్దే పాప మీ ఒళ్లో ఉంటాది. ఇది నా మాట. సుప్రజ.'

ఇంక సాకు లేదు.

నందిని


ప్రొద్దుటూరు,
19 నవంబరు 2023

నందినీ,

వెళ్లాను. మళ్లీ గొట్టం దించారు, స్కాన్ తీశారు.

గడ్డ స్వరపేటిక దాటి పక్కకు పాకింది. ఎడమ వైపు స్వరతంత్రి కదలడం లేదట. జులైలోనే మొదలుపెట్టి ఉంటే రేడియేషన్‌తోనే సరిపోయేదన్నాడు డాక్టరు. ఇప్పుడు మొత్తం తీసేయాలి. మెడకు రంధ్రం పెడతారు, ఊపిరి అక్కడి నుంచే. తర్వాత ఏదో కవాటం అమరిస్తే కొంత మాట రావచ్చంటున్నారు, రాకపోనూ వచ్చంటున్నారు. ఆపరేషన్ డిసెంబరు మొదటి వారంలో. అది మానాక రేడియేషన్ కూడా ఇస్తారట. ఏదైతే వద్దని ఇంత రచ్చ చేశానో, అది ఎట్లాగూ తప్పలేదు.

ఈసారి డాక్టరును అడిగాను. ఫిజిక్స్ టీచరునే గానీ నాకు తెలియదు, చెప్పండి అని రాసిచ్చాను. కుర్చీ దగ్గరికి లాక్కుని బొమ్మ గీసి చెప్పాడు. నాలుగు నిమిషాలు పట్టింది.

మీ పెద్దమ్మకు నువ్వు ధైర్యం చెప్పు.

పెదనాయన


జమ్మలమడుగు,
21 నవంబరు 2023

పెదనాయనా,

నాలుగు నిమిషాలు. ఆ మాట చదివి స్టాఫ్ రూములో అందరి ముందు ఏడ్చాను.

ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియక అందరి మీదా తెచ్చుకున్నాను. కషాయాలు పోసిన పెద్దమ్మ మీద, మూడు పదాలు మింగిన అన్న మీద, మీకు తెలుసనుకున్న డాక్టరు మీద. మీ మీదయితే చెప్పనక్కర్లేదు. నా మీద ఎక్కువ. నా ఉత్తరంలో చివరి బెంచీ అన్న ఆ ఒక్క వాక్యం లేకపోతే సుప్రజ జులైలోనే ఫోను పట్టుకుని అడిగేది, జులైలోనే అయిపోయేది. తెలివిగలదాన్నని చూపించుకోవడానికి రాశాను ఆ ముక్క. నన్ను మీరు ఒక్క మాట కూడా అనలేదు. అనండి. మీకు గొంతు ఉండే ఈ రెండు వారాల్లోనే అనండి, డాక్టరు వద్దన్నా సరే. ఆదివారం వస్తున్నాను.

నందిని


కర్నూలు,
25 ఫిబ్రవరి 2024

నందినీ,

ఆ ఆదివారం నువ్వొచ్చి తిట్టమని కూర్చుంటే నేను తిట్టలేదు, అన్నం తిన్నావా అని మాత్రం అడిగాను. తిట్టేంత మంచివాణ్ణి కాను నేను. నీకు ఆ నోరు ఇచ్చింది నేనే.

ఇక్కడ ఆసుపత్రి వెనక గది తీసుకున్నాం. మెడకు బట్ట కట్టుకుని తిరుగుతున్నా. రేడియేషన్ ఇరవై తొమ్మిది రోజులు అయింది, ఇంకో నాలుగు. షాకు కొట్టలేదు. మిషన్ కింద పడుకోవడం, లేవడం, అంతే. మింగడం మాత్రం కష్టంగా ఉంది, మెడ చర్మం నల్లబడింది. కొత్తగా వచ్చేవాళ్లు వరండాలో వణుకుతూ ఉంటారు. "కరెంటు నొప్పి పెడతాదా సామీ?" అంటారు. నేను పలక తీసి రాస్తాను. చదువు రానివాళ్లకు పక్కవాళ్లు చదివి చెబుతారు. డాక్టరు నాలుగు నిమిషాల్లో చెప్పింది నేను పది నిమిషాల్లో చెబుతున్నా.

నీ పిల్లలకు ఈ పాఠం చెప్పేటప్పుడు నా సంగతి చెప్పు. ఎవరో ఒకాయన అని చెప్పొద్దు. పేరు పెట్టి, ఊరు పెట్టి, ఎన్నేళ్లు ఉద్యోగం చేశాడో చెప్పి, తెలియదని అడగలేక గొంతు పోగొట్టుకున్నాడని చెప్పు. మైమూన్ వినేటట్టు చెప్పు. గొంతు ఉన్న ముప్పై నాలుగేళ్లు నేను చెప్పింది ఆ పాట ఒక్కటే. ఆ తలపు వస్తే నన్ను నేనే చెంప మీద కొట్టుకోవాలనిపిస్తుంది.

శుక్రవారం సాయంత్రం సుప్రజ పాపను తీసుకుని బస్సు దిగి నేరుగా వచ్చింది. నేను అప్పుడే మిషన్ దగ్గర నుంచి వచ్చి మంచం మీద కూర్చున్నా. సంచీ కూడా దించకముందే అమూల్యను ఎత్తి నా ఒళ్లో కూర్చోబెట్టింది. మాట ఇచ్చింది కదా. పాప నా మెడ బట్ట చూసి కాసేపు బిగుసుకుపోయింది, తర్వాత మరిచిపోయింది.

నిన్న పొద్దున కిటికీ అద్దం మూసి ఉంది. ఎండ లోపల గోడ మీద పడుతోంది. పాప నా ఒళ్లో నుంచే అద్దానికి ముక్కు ఆనించి, "తాతా, తలుపేసి ఉంటే గాలి రాదు గదా, ఎండ ఎట్లొస్తాంది?" అంది.

నేను గబగబా పలక అందుకుని రాశాను. ఆమెకు చదవడం రాదు. సుప్రజ కింద కూర్చుని ఉల్లిగడ్డ తరుగుతోంది, చెయ్యి తుడుచుకుని చదివింది: "పారదర్శక పదార్థముల గుండా కాంతి ప్రసరించును." పాప నా ముఖం చూసింది. సుప్రజ కూడా నా ముఖం చూసింది. తుడిచేశాను. రెండోసారి తరంగాలని ఏదో రాశాను. సుప్రజ సగం చదివి, "మామా, ఇది నాకే అర్థం కాలేదు, దానికేం అర్థమయితాది?" అంది. ఆరు నెలల కింద ఆ మాట అని ఉంటే ఇంట్లోంచి పొమ్మనేవాణ్ణి. తుడిచేశాను. ముప్పై నాలుగేళ్లలో ఏ పిల్లకూ నేను మూడోసారి చెప్పింది లేదు. ఒకసారి చెప్పి "అర్థమైందా?" అని అరిచేవాణ్ణి, అయిందనేవాళ్లు.

మూడోసారి రాసింది సుప్రజ నిదానంగా చదివింది. "గాలి అద్దానికి తగిలి ఆగిపోతుంది. ఎండను పట్టుకోవడం అద్దానికి చేతకాదు, వదిలేస్తుంది. గోడ వదలదు, పట్టేసుకుంటుంది."

"అట్లనా!" అని అమూల్య ఒళ్లోంచి దిగి పోయి, ఎండ పడుతున్న చోట గోడ మీద చెయ్యి పెట్టింది. "అవును తాతా, ఉడుకుగా ఉంది" అంది.

పెదనాయన